శశిధర్ గారికి లొంగనిది

మొయినాబాద్ చౌరస్తాలో మైకు పట్టుకుని, వాగు శుద్ధి అయిపోయిందని శశిధర్ గారు ప్రకటించారు. ఎట్లా అయిందని ఎవరూ అడగలేదు. వాగు శుద్ధి కమిటీ చైర్మన్ ఆయనే. అయిందో లేదో ఆయనకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

వాగు నీళ్లను ల్యాబులో పరీక్షించిన సింధుజ మాత్రం ఆయన ఇంటికే వచ్చింది.

"సార్, ఆ నీళ్లల్ల బ్యాక్టీరియా ఏ యాంటీబయాటిక్‌కూ లొంగుతలేదు."

శశిధర్ గారు నొచ్చుకున్నారు. చేవెళ్ల చుట్టుపక్కల ఆయన లొంగదీయని సర్పంచ్ లేడు. నిన్న తిట్టినవాడికి ఇవాళ పార్టీ కండువా కప్పిన చేయి ఆయనది.

"లొంగనిది ఉంటదా అమ్మా? ఏమిస్తే లొంగుతదో మీరు అడగలే, అంతే."

"ఒకటి నేర్చుకున్నది పక్కదానికి నేర్పుతది సార్. అన్నీ ఒక్కటైతున్నయి."

"గ్రూపు రాజకీయమన్నట్టు. నేను చూసుకుంట."

ఆదివారం ఎంకపల్లి దగ్గర వాగులో దిగి చూపించడానికి కెమెరాలు పెట్టించి, ప్యాంటు పైకి మడిచారు. ఒడ్డున పాలకూర కోస్తున్న గోపమ్మ తలెత్తింది.

"దిగకు పటేలా. లోపల సీసా పెంకులున్నయి. నీళ్లు సుత మంచియి కావు."

"ఫికర్ చెయ్యకు అవ్వా. మన వాగే గద."

దిగారు. పెంకు కాలికి గీరుకుంది. రక్తం కనిపించకుండా వీడియో కత్తిరించి పెడితే లైకులు బాగానే వచ్చాయి.

గాయం మాత్రం కత్తిరింపులకు ఒప్పుకోలేదు. కాలు వాచింది, జ్వరం పట్టుకుంది. పట్నంలో పెద్ద దవాఖానలో చేర్చారు. డాక్టర్ మంజుల మందు మార్చింది. మళ్లీ మార్చింది.

"దేనికీ లొంగుతలేదు సార్."

"ఇంకా పెద్ద మందు పెట్టుండ్రి. పైనుంచి ఫోన్ చేయిస్త."

"ఫోనుకు మేం లొంగుతం, అది లొంగది. కాలు తీసేయకపోతే ప్రాణం దక్కదు."

ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు. అటు తిరిగే, "మోకాలన్న ఉంచుతరా?" అని అడిగారు. ఆ గొంతు మైకు ఎరగనిది.

మోకాలు ఉంచారు. కింది భాగం తీసేశారు.

కోలుకున్నాక మొయినాబాద్‌లో సన్మాన సభ పెట్టారు. చక్రాల కుర్చీలో వేదికెక్కి, మైకు అందుకోగానే శశిధర్ గారికి పాత గొంతు తిరిగొచ్చింది.

"వాగుల బ్యాక్టీరియాను నా కాలితో సహా తొలగించినం. వాగు శుద్ధి మొదటి దశ విజయవంతంగా పూర్తయింది."

చప్పట్లు మోగాయి. కూర అమ్ముకుని ఇంటికి పోతూ ఆగిన గోపమ్మ, టెంటు గుంజ పట్టుకుని నెమ్మదిగా అడిగింది.

"మరి రెండో దశల ఎవల కాలు పటేలా?"

ముందు వరుసలో కార్యకర్తలు చప్పట్లు ఆపి, కాళ్లు కుర్చీల కిందికి లాక్కున్నారు.