తువ్వాలుతో నలభై చేతిగుడ్డలు

ఆ గురువారం కసిమాలీకి రెండే పనులు. పొద్దున్నే నరీన్ పట్నం వెళ్ళి ఆవిరి స్నానం చెయ్యాలి, మధ్యాహ్నానికి తిరిగొచ్చి గుర్రం పాలు పితకాలి. భార్య పోయిన ఈ నాలుగేళ్ళలో అతనికి మిగిలింది ఆ ఆడగుర్రం ఒక్కటే. మనుషులతో తిట్లు తప్ప మాటల్లేవు.

వ్యాను ఎక్కుతుంటే రాజధాని బిష్కెక్ నుంచి ఫోను వచ్చింది. ఆన్‌లైన్ కొట్టు పిల్ల.

“తాతా, మీ తువ్వాలు నిన్ననే బండిలో వేశాం. దాంతోపాటు నలభై చేతిగుడ్డలు కూడా వస్తాయి.”

“నేనడిగింది ఒక్క తువ్వాలు కదమ్మా!”

“ఒక్కటీ విడిగా అమ్మం తాతా. సెట్టు.”

“నాకున్నది ఒక్క ముక్కు. నలభై గుడ్డలేం చేసుకోను?”

“తువ్వాలు కొన్నవాళ్ళు చేతిగుడ్డలు కూడా కొంటున్నారని కంప్యూటరే కలిపింది.”

“ఎందుకు కొంటున్నారో దాన్నడిగావా?”

పిల్ల ఫోను పెట్టేసింది. అమ్ముడుపోని సరుకుని అమ్ముడుపోయే సరుకు తోకకి కట్టి, దానికి సెట్టు అని పేరు పెట్టే బుద్ధి ఎవడిదో గానీ, వాడు ఒక్క చావింటికైనా వెళ్ళినవాడు కాదు. ఆ రెండూ కలిపి కొనేది ఎవరో ఆ దేశంలో ఆరేళ్ళ పిల్లకి తెలుసు. చావింటివాళ్ళు ఏడ్చినవాళ్ళకి తలా ఒక గుడ్డ, ముందుండి నడిపిన పెద్దకి తువ్వాలు ఇస్తారు.

పదింటికి సరుకు బండి డ్రైవరు పెట్టె తెచ్చి, ఇంటికి తాళం చూసి, పక్కింటి బురుల్‌చాకి ఇచ్చిపోయాడు. ఆవిడ పెట్టె మీది చీటీ చదివింది: తువ్వాలు ఒకటి, చేతిగుడ్డలు నలభై. కసిమాలీకి ఫోను చేసింది. ఆవిరిగదిలో ఫోను ఎత్తేదెవరు?

“అయ్యో, మనిషి పట్నంలోనే పోయాడే! గుడ్డలు ముందొచ్చాయి, శవం వెనకొస్తోంది!” అని వీధిలోకి పరిగెత్తింది.

మధ్యాహ్నానికి అతని వాకిట్లో చావింటి కంబళి గుడారం లేచింది. మగవాళ్ళు కర్రల మీద వాలి గొంతెత్తి ఏడుస్తున్నారు. పొయ్యి మీద పెద్ద బాన ఎక్కింది.

“నోరు చెడ్డదే గానీ మనవాడు,” అన్నాడు ఊరిపెద్ద తుర్దుకున్, కత్తి నూరుతూ. “గుర్రాన్ని కోసి విందు పెట్టకుండా సాగనంపితే ఊరికి తలవంపులు. వాడి గుర్రమే ఉందిగా. కాళ్ళు కట్టండి.”

సందు మలుపు తిరగగానే కసిమాలీకి గుడారం కనిపించింది. చావింటికి నోరు మూసుకుని వచ్చేవాడు మగాడు కాడు. పోయిందెవరో, అది ఎవరి వాకిలో తర్వాత చూసుకోవచ్చు. అతను “అయ్యో తమ్ముడా, నన్నొదిలి పోయావా!” అని అరుస్తూ పరిగెత్తుకొచ్చి, వరసలో నిలబడి, మనస్ఫూర్తిగా ఏడ్చాడు.

పక్కవాడు కళ్ళు మూసుకునే అతని భుజం తట్టాడు. “ఊరుకో. కసిమాలీ మంచివాడు.”

“ఎవడు మంచివాడు?”

పక్కవాడు కళ్ళు తెరిచి రెండడుగులు వెనక్కి పడ్డాడు. కసిమాలీ చూపు గుర్రం కాళ్ళకున్న తాడు మీద పడింది.

“వదలండ్రా! నేను చావలేదు!”

“చావనివాడివి గుడ్డలెందుకు తెప్పించావు?” అన్నాడు తుర్దుకున్.

“తెప్పించలేదు పెద్దన్నా, అంటగట్టారు!”

“ఏదైతేనేం. ఇంతమంది ఏడ్చారు. కన్నీళ్ళు వెనక్కి పోతాయా? నీళ్ళు మరుగుతున్నాయి. బతకడం నీ ఇష్టం, మాంసం మాత్రం ఊరిది.”

తాడు బిగిసింది. గుర్రం సకిలించింది.

కసిమాలీ పెట్టె లాక్కుని చించాడు. గుడ్డ పంచడం చావులో చివరి పని. అది పుచ్చుకున్నాక వాకిట్లో నిలబడ్డవాణ్ణి తిండిపోతంటారు. తాడు పట్టుకున్నవాడికి మొదటి గుడ్డ అందించాడు. వాడు అలవాటుగా రెండు చేతులూ చాచాడు. తాడు జారిపోయింది.

“పుచ్చుకో, నడు. నువ్వూ పుచ్చుకో. ఏడ్చింది చాలు, నడు!”

ఆఖరికి తువ్వాలు తీసి తుర్దుకున్ భుజాన కప్పాడు. “నా చావు బాగా జరిపించావు పెద్దన్నా. వెళ్ళిరా.”

తుర్దుకున్ తువ్వాలు తడిమి చూశాడు. మంచి నూలు. కత్తి ఒరలో పెట్టి బయటికి నడిచాడు. పావుగంటలో వాకిలి ఖాళీ. బాన ఒక్కటే మరుగుతోంది.

సాయంత్రం కొట్టు నుంచి ఫోనుకి సందేశం వచ్చింది, సెట్టు ఎలా ఉందో రాయమని. కసిమాలీ ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాశాడు: “సరుకు మంచిదే. చచ్చినవాడికే ఏమీ మిగల్లేదు.”