యజ్ఞనారాయణగారి పేరు ఖాళీ లేదు

"పరిపాలన ఇక అరచేతిలో ఉంటుంది" అని మంత్రిగారు మేడ్చల్‌లో ప్రకటించినప్పుడు ఆయన అరచేతిలో నిజంగానే ఒక యంత్రం ఉంది. నల్లగా, నున్నగా, రెండు వైపులా మీటలతో ఉన్న ఆ యంత్రాన్ని, ఆయన కొని తెచ్చిన సింగపూర్‌లో, వీడియోగేమ్ అంటారు. మన దగ్గర అప్పటికి, అంటే రెండు వేల పదకొండు వేసవికి, దాన్ని ఏమనాలో ఎవరూ తేల్చలేదు. మర్నాడు పత్రికలు ఆ లోటు తీర్చాయి: 'అరచేతి పాలనా యంత్రం.'

ప్రజల మధ్యే ఉండి పాలించాలన్న పట్టుదలతో మంత్రిగారు మేడ్చల్ సమాచార కేంద్రం మేడ మీద మకాం పెట్టారు. షామీర్‌పేట చెరువు పక్కన చల్లని అతిథిగృహం సిద్ధంగా ఉన్నా, అక్కడ ఇంటర్నెట్ లేదని తెలిసి దాన్ని త్యాగం చేశారు.

ఆ కేంద్రానికి అధికారి యజ్ఞనారాయణ. కాకినాడ నుంచి వచ్చి గాజులరామారంలో ఇల్లు కట్టుకున్న మనిషి. ఉద్యోగంలో చేరిన నాటినుంచీ ఆయన పేరు మీద ఒక్క రిమార్కు లేదు. ఆ పేరును ఆయన ఇస్త్రీ చొక్కాలా తొడుక్కుని తిరిగేవాడు. కూర్చుంటే నలుగుతుందేమోనని కొన్నిసార్లు నిలబడే ఆలోచించేవాడు. వచ్చే ఏడాది రిటైరైన రోజున దాన్ని మడత పోకుండా ఇంటికి తీసుకెళ్ళి భార్య కామేశ్వరికి చూపించాలి. అంతకుమించి ఆయనకు కోరికలు లేవు.

మకాం పెట్టిన పూటే మంత్రిగారి పీఏ చక్రపాణి మెట్లు దిగి వచ్చాడు.

"యంత్రం బయటికి పోతలేదు."

"ఎక్కడికి పోవాలండి?"

"జపాన్‌కు. ఆళ్ళు కార్లు స్టార్ట్ చేసి సార్ కోసం ఎదురుచూస్తున్నరు."

కంప్యూటర్ ఆపరేటర్ అజర్ యంత్రాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆ కేంద్రంలోంచి ఇంటర్నెట్‌లోకి వెళ్ళాలంటే మధ్యలో ప్రాక్సీ అనే కాపలా ఉంది. పేరు, పాస్‌వర్డ్ చెప్పనిదే గేటు తీయదు. ఈ యంత్రంలో ఆ గేటు ఎక్కడుందో రాసుకోవడానికి గడి ఉంది గాని, తన పేరు చెప్పుకోవడానికి గడి లేదు.

"దీనికి పేరు చెప్పే అలవాటు లేదు సార్" అన్నాడు అజర్.

చక్రపాణి నొచ్చుకున్నాడు. "మంత్రిగారి యంత్రం గేటు కాడ పేరు చెప్పాల్నా? కాపలానే తీసెయ్యుండ్రి."

"కాపలా హెడ్డాఫీసుది సార్. ఒక ఉపాయం ఉన్నది. నా పక్క కంప్యూటర్‌ను మధ్యల కూసోబెడ్త. యంత్రం దానికి చెప్తది. అది గేటు కాడికి పోయి పేరు, పాస్‌వర్డ్ చెప్పి లోపలికి పంపిస్తది. పేరు మాత్రం ఎవరిదన్న ఒకటి గావాలె."

గదిలో అందరూ తమ తమ పేర్లను గట్టిగా పట్టుకున్నారు. మంత్రిగారి పేరు వాడటం మర్యాద కాదు. తన పేరు ఇప్పటికే చాలాచోట్ల ఉందని చక్రపాణి అన్నాడు. అజర్ పేరుతో వెళ్తే ఆటలు తెరుచుకోవు. అధికారి పేరుకు ఆ నిషేధం లేదు. అధికారులు ఆడరని హెడ్డాఫీసు నమ్మకం.

"ఇవ్వకపోతే ఏమవుతుందండీ?" అన్నాడు యజ్ఞనారాయణ.

"ఏం గాదు. సార్ మీ మీద ఒక మాట రాస్తరు. గంతే."

ఆ ఒక్క మాటకే ఆయనకు భయం వేసింది. ఆ భయం అడుగున, ఇంత కాలానికి తన పేరుతో ఎవరికో పనిపడిందన్న చిన్న సంతోషం కదలడం గమనించి సిగ్గుపడ్డాడు. ఆ సిగ్గులోనే పాస్‌వర్డ్ చెప్పేశాడు.

సాయంత్రం మంత్రిగారు విలేకరులతో మాట్లాడారు. "జపాన్‌ను దాటినం. జర్మనీ మన ముందల ఉన్నది. మలుపు కాడ జర పైలంగ ఉండాలె."

ఆ మలుపు ఆర్థికమా, పారిశ్రామికమా అని ఒక విలేకరి అడిగాడు.

"రెండూ" అన్నారు మంత్రిగారు.

వారం మకాం నెల మకాం అయింది. ఆ నెలలోనే గౌడవెల్లి నుంచి జంగమ్మ వచ్చింది. ఆగిపోయిన పింఛను మళ్ళీ రావాలంటే ఆమె అర్జీని అధికారే తన పేరుతో పైకి పంపాలి. యజ్ఞనారాయణ కంప్యూటర్ ముందు కూర్చుని పేరు కొట్టాడు. 'ఈ పేరు గలవారు ఇప్పటికే లోపల ఉన్నారు' అంది తెర. ఒక పేరుతో ఒక్కరే వెళ్ళాలన్నది కాపలా నియమం.

"సార్ పేరు ఖాళీ లేదవ్వా. రేపు రా" అన్నాడు అజర్.

"పేరు ఖాళీ లేకపోవుడేంది? సారు గీడనే ఉండె గద!"

"సారు ఖాళీనే. పేరే పనిల ఉన్నది."

"ఏం పని?"

మేడ మీద కార్లు గుద్దుకున్న చప్పుడైంది.

"రోడ్ల పని" అన్నాడు అజర్.

జంగమ్మ మర్నాడూ వచ్చింది, ఆ మర్నాడూ వచ్చింది. మంత్రిగారు నిద్రలేవకముందే పని ముగిద్దామని యజ్ఞనారాయణ తెల్లవారగానే వచ్చి చూశాడు. ఆ వేళప్పుడు అమెరికాతో పోటీ నడుస్తోంది.

"మధ్యలో కూర్చోబెట్టిన ఆ కంప్యూటర్‌ను ఒక్క నిమిషం ఆపితే ఏమవుతుందయ్యా?" అన్నాడు అజర్‌తో, గొంతు తగ్గించి.

"ఆపొచ్చు సార్. మంత్రి సార్ గెలిచే టైముల ఆగిందనుకోండ్రి, ఆ పరేషాన్ ఎవరి పేరు మీదికొస్తది?"

ఆయన ఆపలేదు.

ఇంతలో హెడ్డాఫీసు నుంచి డైరెక్టర్‌గారే ఫోన్ చేశారు. "రాష్ట్రంలో ఏ అధికారీ మీ అంతసేపు లోపల ఉండటం లేదండీ. భోజనం వేళ కూడా పనేనా? కాస్త ఒంటిని చూసుకోండి." ఆ వారమే ఆయనను ఉత్తమ ఈ-అధికారిగా ప్రకటించారు.

సన్మానం కేంద్రం మేడ మీదే జరిగింది. మంత్రిగారు శాలువా ఒంటిచేత్తో కప్పారు. రెండో చెయ్యి జర్మనీతో తీరిక లేకుండా ఉంది. యజ్ఞనారాయణ పేరు నిద్రాహారాలు మాని ప్రజల కోసం పరుగెడుతోందని వక్తలు అన్నారు. అది అక్షరాలా నిజం. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ పేరుగల మనిషెవరో చాలా కష్టపడ్డాడనిపించి ఆయన కూడా కొట్టాడు.

శాలువాతోనే కిందికి దిగాడు. జంగమ్మ అర్జీకి ఆ రోజే గడువు. పేరు కొట్టాడు. లోపలే ఉంది. ధైర్యం చేసి మేడ మీదికి ఫోన్ కలిపాడు.

"చక్రపాణిగారూ, సార్ ఒక్క పది నిమిషాలు బయటికొస్తే..."

"ఎవరు మాట్లాడేది?" అవతల చప్పట్లు, ఈలలు.

"యజ్ఞనారాయణనండి."

"యజ్ఞనారాయణ లోపల ఉన్నడు కదా! జర్మనీ పక్కకొచ్చిండు, ఇంకొక్క మలుపున్నది. మీరెవరు?"

నేనే అతణ్ణి అందామనుకున్నాడు. ఒకే పేరుతో ఇద్దరున్నట్టు పైవాళ్ళకు తెలిస్తే దాన్ని ఎవరి మీద రిమార్కుగా రాస్తారో ఆయనకు అర్థం కాలేదు.

"నేను వేరే యజ్ఞనారాయణనండి" అన్నాడు.

"అట్లయితే రేపు కన్పియ్యుండ్రి."

ఆయన ఫోన్ పెట్టేసి వరండాలోకి వచ్చాడు. జంగమ్మ కూర్చున్న బల్ల మీద ఓ చివర కూర్చున్నాడు. జంగమ్మ శాలువా వంక ఎగాదిగా చూసి, కొంచెం జరిగి చోటిచ్చింది.

"నువ్వు గూడ గా లోపలున్న సారు కోసమేనా?"