బొమ్మలు పోయి మాటలు మిగిలిన మంగళవారం

మంచు కరిగి అమెరికాలోని వెర్మాంట్ మట్టిరోడ్లన్నీ బురదైన ఆ మంగళవారం పొద్దున, టౌన్ ఆఫీసు గుమస్తా ఎల్విన్ పెట్టుకున్న పని ఒక్కటే. కాఫీ చల్లారేలోగా ఊరి వెబ్‌సైటులోని బొమ్మలన్నిటికీ వర్ణనలు రాసేయాలి. చూపు లేనివాళ్లకు కంప్యూటర్ వాటిని చదివి వినిపిస్తుంది. మిగతావాళ్లకు అవి కనిపించవు.

ఊళ్లో చూపు లేనిది మార్సెలా ఒక్కతే. ఆమెతో నాలుగు మాటలు మాట్లాడాలని ఎల్విన్ నాలుగేళ్లుగా అనుకుంటున్నాడు గానీ, ఎదురుపడితే నోరు పెగలదు. రాయడానికి నోటితో పనిలేదు కదా! చెరువు బొమ్మకు, "మార్సెలా, పొగమంచు నీళ్ల మీద పడుకుని లేవనని మారాం చేస్తోంది. మీరు పక్కనుంటే బాగుండేది" అని రాశాడు. పాలకమండలి అధ్యక్షుడు బర్డెట్ ఫోటోకు, "మనిషి మంచివాడే. టై మీద మేపుల్ పాకం మరక మాత్రం పోయినేడాదిది" అని రాశాడు. ఒళ్లు మబ్బుల్లో తేలిపోతున్నట్టుంది. ఆ తేలిపోవడంలోనే, బొమ్మలను సర్దబోయి మొత్తం చెరిపేశాడు.

బొమ్మ లేనిచోట దాని వర్ణన అందరికీ కనిపిస్తుందని అతనికి తెలియదు.

పది గంటలకు బేకరీ ఒడెట్ ఫోన్ చేసింది. "మార్సెలాతో నీ పెళ్లి చర్చిలోనా, చెరువు గట్టునా? ఆ బురదలో కేకు మోసుకురావాల్సింది నేనయ్యా!"

పదకొండుకల్లా పెళ్లికి టెంటు ఎవరివ్వాలో కూడా ఊరు తేల్చేసింది. పన్నెండుకు బర్డెట్ ఊడిపడ్డాడు, కొత్త టై కట్టుకుని.

"పోయినేడాదిదా? అది మొన్నటి మరకయ్యా! సాయంత్రం సభలో నీ ఉద్యోగం సంగతి తేలుస్తా!"

ఎప్పుడూ ఆరుగురు వచ్చే సభకు ఊరంతా వచ్చింది. ఉద్యోగం పోతే పోయింది, మార్సెలా ఏమనుకుందోనని ఎల్విన్ సిగ్గుతో చచ్చిపోతున్నాడు. ఆమె కర్ర తట్టుకుంటూ వచ్చి నిలబడింది.

"నాదో ఫిర్యాదు. చెత్త డిపో బోర్డు బొమ్మకు ఏం రాశావు ఎల్విన్?"

"నీలిపిట్ట వాలి, రెక్కలు ఆరబెట్టుకుంటోందని..." గొంతు ఎలాగో పెగిలింది.

"పిట్ట బాగానే ఉంది. డిపో ఎన్నింటికి తీస్తారో ఏదీ? మూడు వారాల చెత్త నా వసారాలో కుళ్లుతోంది."

సభ గొల్లుమంది. మార్సెలా నవ్వలేదు.

"బర్డెట్, ఇరవై ఏళ్లుగా చర్చిలో నీ పక్కన కూర్చుంటున్నా. నీ టై సంగతి ఒక్కరైనా చెప్పారా నాకు? ఈ ఊరిని ఇవాళే మొదటిసారి చూశాను. ఇతన్ని తీసేస్తే, రేపు చెరువు నువ్వు చూపిస్తావా?"

బర్డెట్ టై సర్దుకుని కూర్చున్నాడు.

మర్నాడే ఎల్విన్ డిపో వేళలు రాసిపెట్టాడు. ఇప్పుడవి సైటులో స్పష్టంగా వినిపిస్తాయి. అయినా మార్సెలా ప్రతి శుక్రవారం అతనికి ఫోన్ చేసి అడుగుతూనే ఉంది.