వాగు అవతల మూడు వందల రేచుకుక్కలు

ఒక పెద్ద అడవిలో చదువుకున్న జంతువులు మరీ ఎక్కువైపోయాయి. వాటిని ఏం చేయాలో తోచక, ఇంకా చదువుకోమని ఒక కాలేజీ పెట్టారు. అందులో అన్నిటికన్నా పేరున్నది పరాయి అడవుల సంబంధాల శాఖ. ఏ అడవికి ఏ అడవితో పడదు, ఎవరెవరి మధ్య ఒప్పందాలున్నాయి, ఎక్కడ ఎన్నికలు ఎలా జరిగాయి, ఇవన్నీ అక్కడ చెబుతారు. చెప్పేవాళ్ళూ వినేవాళ్ళూ కూడా ఈ అడవి దాటి ఎన్నడూ అడుగు బయటపెట్టలేదు.

శాఖాధిపతి అలుగు మాస్టారు. ఒళ్ళంతా పొలుసులు, మాటంతా నిదానం. ఎవరైనా ప్రశ్న అడిగితే ఉండ చుట్టుకుపోవడం ఆయన అలవాటు. మళ్ళీ విప్పుకునేసరికి పీరియడ్ అయిపోయేది.

ఆ అడవిలో కొండముచ్చులు ఆకుల మీద గీసిన రాతల్ని కొమ్మ నుంచి కొమ్మకు అందించుకుంటూ ఉంటాయి. దాన్నే అక్కడ ఆన్‌లైన్ అంటారు. ఏ చెట్టు కింద నిలబడి అడిగినా కావలసిన ఆకు దిగుతుంది. అడగని ఆకులు అంతకు ముందే ఓ పది దిగుతాయి. అవి ఎక్కువగా తోకకు రాసుకునే నూనె గురించి ఉంటాయి.

ఆ శాఖలో ఎం.ఏ. రెండో ఏడు చదువుతున్న ముంగిస పేరు మాణిక్యం. దేన్నయినా మూతి పెట్టి వాసన చూస్తేగానీ నమ్మని రకం. వాళ్ళమ్మ నాలుగు పసికూనలతో వాగు గట్టున కలుగులో ఉంటోంది. మాణిక్యం పుట్టింది కూడా ఆ కలుగులోనే.

ఒకరోజు పొద్దున్నే సరిహద్దు మంత్రి దుమ్ములగొండి ఒక ప్రకటన చేయించాడు. వాగు పొడవునా ముళ్ళకంచె వేస్తారట. గట్టు మీద ఉన్న కలుగులన్నీ అమావాస్యలోగా పూడ్చేస్తారట. ఎందుకంటే, వాగు అవతల మూడు వందల రేచుకుక్కలు దాడికి సిద్ధంగా ఉన్నాయట. కంచెకు ముళ్ళు సరఫరా చేసేది మంత్రిగారి బావమరిది. ఆ సంగతి ప్రకటనలో లేదు, అందరికీ తెలుసు.

"మూడు వందలేమిటే?" అంది వాళ్ళమ్మ. "ఇన్నేళ్ళుగా ఇక్కడే ఉన్నాను. వాటి ఈలలు వినబడేదే వారానికో పది రోజులకో. ఈ పసివాళ్ళను నోట కరుచుకుని ఎక్కడికి పోను?"

"ఉండమ్మా, ఆ లెక్క ఎక్కడిదో కనుక్కుంటాను," అని మాణిక్యం కాలేజీకి పరిగెత్తింది.

"మాస్టారూ, వాగు అవతల మూడు వందలున్నాయని ఎవరు చెప్పారండీ?"

అలుగు మాస్టారు వెంటనే ఉండ చుట్టుకున్నారు. కాసేపటికి ఉండలోంచి ఒక చెయ్యి బయటికొచ్చి, 'పరిశోధనకు పనికొచ్చే నలభై ఆన్‌లైన్ ఆధారాలు' అనే జాబితా మాణిక్యం చేతిలో పెట్టింది.

"అన్నీ ఇందులోనే ఉన్నాయమ్మా," అంది లోపలి నుంచి గొంతు. "ఇందులో లేనిది ఏదీ లేదు."

ఆ జాబితాను మాస్టారుకు వాళ్ళ మాస్టారు ఇచ్చారు. ఏటా విద్యార్థులు దాన్ని శుభ్రంగా ఎత్తి రాసుకుని థీసిస్ చివర అతికిస్తారు. నలభై ఆధారాలనూ నిజంగా తెరిచి చూసిన మొదటి ప్రాణి మాణిక్యమే.

పన్నెండింటి కొమ్మలు ఎప్పుడో విరిగిపోయాయి. తొమ్మిది చోట్ల ముందుగా తేనె ఇస్తేగానీ ఆకు తిప్పనివ్వలేదు. ఒకచోట "పై ఆధారం చూడుడు" అని ఉంది, పైదాంట్లో "కింది ఆధారం చూడుడు" అని ఉంది. పదిహేడోది 'అంతరారణ్య త్రైమాసిక'. అందరూ గౌరవంగా ఉదహరించే పత్రిక. వెళ్ళి చూస్తే ఏగిస చెట్టుకు ఒక ఖాళీ తొర్ర. దాని సంపాదకురాలు గుడ్లగూబ ఎనిమిది వానాకాలాల కిందటే మకాం మార్చేసింది. ఆ తర్వాత కూడా దాన్ని ఉదహరించడం ఎవరూ మానలేదు.

మిగిలిన వాటిలో వెతగ్గా మంత్రిగారి నివేదిక దొరికింది. "మూడు వందలు దాడికి సిద్ధంగా ఉన్నాయి" అని ఉంది. ఆధారం: సరిహద్దు అధ్యయన కేంద్రం. అక్కడ "మూడు వందలు ఉన్నాయి" అని ఉంది. ఆధారం: అడవి వార్షిక సంచిక. అక్కడ "మూడు వందలు ఉండవచ్చు" అని ఉంది. ఆధారం: ఒక యువ పరిశోధకురాలి వ్యాసం.

"ఆ వ్యాసం కావాలి కోదండం బాబాయ్," అని కేక వేసింది మాణిక్యం, చెట్టు మీది కొండముచ్చును.

కోదండం ఆకు దింపాడు. దాని మీద రాత చూసి మాణిక్యం నమ్మలేక మూతి పెట్టి వాసన కూడా చూసింది. అది తన రాతే. నిరుడు హోంవర్కులో తనే రాసింది: "వాగు అవతల రేచుకుక్కలు ఎన్ని ఉన్నాయో తెలియదు. మూడు వందలు ఉన్నా ఆశ్చర్యం లేదు."

"ఇది నా హోంవర్కు బాబాయ్! పైకి ఎలా వెళ్ళింది?"

"కింద పడుంటే ఎక్కించాను."

"చదివి చూసుకోవద్దూ?"

"మోయడమే నా పని అమ్మాయ్. చదవడానికి నేనేమన్నా ఖాళీగా ఉన్నానా?"

తను ఊరికే విసిరిన అంకె తిరిగి తిరిగి వచ్చి వాళ్ళమ్మ కలుగు మీద పడింది. ఇక కూర్చుంటే లాభం లేదని మాణిక్యం వాగు దాటింది. ఆ శాఖ చరిత్రలో పరాయి అడవిలో మొదట అడుగు పెట్టింది ఆమే.

అవతల ఒక బండ మీద రేచుకుక్కలు ఎండ కాగుతున్నాయి. మాణిక్యం లెక్కపెట్టింది. పదకొండు. అందులో ఒకదానికి గజ్జి.

ముసలి రేచుకుక్క దగ్గరికొచ్చి మర్యాదగా అడిగింది. "అమ్మా, మీరు చదువుకున్నవాళ్ళలా ఉన్నారు. మేం మూడు వందలమని మీ ఆకుల్లో వచ్చిందట కదా. మిగతావాళ్ళు ఎక్కడున్నారో కాస్త చెబుతారా? వేటకు చాలినంత మంది లేక అవస్థ పడుతున్నాం."

మాణిక్యం క్షమించమని చెప్పి వెనక్కి వచ్చి, సరాసరి అడవి సభకు వెళ్ళింది. అధ్యక్షస్థానంలో పెద్దపులి. భోజనం అయ్యాక ఏ తీర్మానం పెట్టినా సరే అనే స్వభావం. పక్కనే మంత్రి దుమ్ములగొండి, నిపుణుడి హోదాలో అలుగు మాస్టారు.

"వాగు అవతల ఉన్నవి పదకొండే నండీ," అంది మాణిక్యం.

"ఆధారం?" అన్నాడు మంత్రి.

"నేను చూసొచ్చాను."

మంత్రి మాస్టారు వైపు తిరిగాడు. "ఏమండీ, ఈ పిల్ల కళ్ళు మీ జాబితాలో ఉన్నాయా?"

"నలభైలో లేవండి," అన్నారు మాస్టారు, సగం చుట్టుకుంటూ.

"మూడు వందలన్నది తప్పండీ," అంది మాణిక్యం. "అది నేను హోంవర్కులో రాసిన మాట."

"నోరు జాగ్రత్త! అది మాణిక్యం గారనే పెద్ద పరిశోధకురాలి లెక్క. ఆవిణ్ణి కాదనేంతటి దానివా నువ్వు?"

"ఆ మాణిక్యాన్ని నేనే నండీ!"

"ఆధారం?"

సభ గొల్లుమంది. పెద్దపులి కూడా ఒక కన్ను తెరిచింది.

"సరే, ఈ పిల్ల చెప్పింది నిజమే అనుకుందాం," అన్నాడు మంత్రి గొంతు తగ్గించి. "పదకొండే కనబడ్డాయి. అంటే రెండు వందల ఎనభై తొమ్మిది దాక్కుని ఉన్నాయన్నమాట! అయ్యా, కంచె ఇంకో బారెడు ఎత్తు పెంచక తప్పదు."

"సరే," అంది పెద్దపులి.

బయటికొచ్చిన మాణిక్యం ఏడవలేదు. అమావాస్యకు ఇంకా నాలుగు రోజులుంది. కాసేపు ఆలోచించి నేరుగా ఏగిస చెట్టు దగ్గరికి వెళ్ళింది. తొర్రలో సాలెగూళ్ళు దులిపి, ఒక పెద్ద ఆకు తీసి, మీద 'అంతరారణ్య త్రైమాసిక, ప్రత్యేక సంచిక' అని అందంగా గీసింది. కింద ఇలా రాసింది:

"వాగు అవతల రేచుకుక్కలు మూడు వందలన్న పాత అంచనా సరికాదు. అవి ముప్పై వేలు. ముళ్ళు నమిలే జాతి. ముళ్ళకంచె కనబడితే వాటికి ఆకలి రెట్టింపవుతుంది. సంపాదకవర్గం."

కోదండం దాన్ని చదవకుండా ఎక్కించాడు.

మర్నాటికి అధ్యయన కేంద్రం దాన్ని ఉదహరించింది. ఆ మర్నాటికి వార్షిక సంచిక అధ్యయన కేంద్రాన్ని ఉదహరించింది. మూడో రోజు అలుగు మాస్టారు, "నేను ముందునుంచీ అంటున్నదే ఇది," అని వ్యాసం రాశారు. నాలుగో రోజు సభ అత్యవసరంగా కూడింది.

"ఎవడయ్యా కంచె వేద్దామన్నది?" అని గర్జించింది పెద్దపులి. నిద్ర పూర్తిగా వదిలింది.

"అయ్యా, అదీ..." అన్నాడు దుమ్ములగొండి.

"ముప్పై వేలను విందుకు పిలుస్తావా? కంచె వద్దు, గించె వద్దు. వెంటనే స్నేహం చేసుకోవాలి. మన తరఫున రాయబారిగా నువ్వే వెళ్ళు. అక్కడే ఉండు."

మంత్రి వణుకుతూ వాగు దాటాడు. పదకొండు రేచుకుక్కలు ఎదురొచ్చి ఆయన్ని ఆప్యాయంగా పలకరించాయి. ఆయన మాత్రం ముప్పై వేలలో ఇది మొదటి వరసేమోనని ఇప్పటికీ తల ఎత్తలేదు. బావమరిది ముళ్ళన్నీ అలాగే ఉండిపోయాయి.

కలుగు నిలిచింది. కూనలు కళ్ళు తెరిచాయి. మాణిక్యం నెమ్మదిగా కూర్చుని, చూసింది చూసినట్టు, పదకొండు అంటే పదకొండని, థీసిస్ రాసి ఇచ్చింది.

దాన్ని దిద్దింది రెండు గబ్బిలాలు. తలకిందులుగా వేలాడుతూ చదివి, నాలుగు ముక్కలు రాసి తిప్పి పంపాయి: "విద్యార్థిని ఈ రంగంలో అత్యంత ప్రామాణికమైన త్రైమాసిక ప్రత్యేక సంచికను చూసినట్టు లేదు. చూసి ఉంటే పదకొండు అనే సాహసం చేసేది కాదు. అంగీకరించలేము."

మాణిక్యం ఆ కాగితం పట్టుకుని వాగు గట్టున కూర్చుని లెక్క వేసుకుంది. ఆ ప్రత్యేక సంచిక రాసింది తనేనని చెప్పవచ్చు. చెబితే ఆధారం అడుగుతారు. ఖర్మ కాలి నమ్మితే, రేపే కంచె మళ్ళీ మొదలవుతుంది.

ఒక పూటలో పదకొండులన్నిటినీ ముప్పై వేలుగా దిద్దింది. ఫస్ట్ క్లాస్ వచ్చింది. అదే శాఖలో ఉద్యోగమూ వచ్చింది.

"ఇంతకీ పదకొండా, ముప్పై వేలా?" అని అడిగింది వాళ్ళమ్మ, కూనలకు పాలిస్తూ.

"కలుగులో పదకొండు. కాలేజీలో ముప్పై వేలు."

నీతి: నిజానికి పేజీ నంబరు ఉండదు, కాబట్టి మార్కులు కావలసినవాళ్ళు దాన్ని ఇంట్లోనే ఉంచుకోవాలి.