డాలు దించిన ఆదివారం

...పోనీ, ఆట అయ్యాక ఎవరు ఎంత కొట్టారో చూపించే ఆ పట్టికలో, ఎవరు ఎన్ని దెబ్బలు తిన్నారో కూడా ఒక వరస పెడితే కంపెనీవాడి సొమ్మేం పోయింది? ఆదివారం పొద్దున్నే అరండల్‌పేట సందులో టీ గ్లాసుతో నిలబడ్డ సైదాను ఈ ప్రశ్న వదల్లేదు. టీ మీద మీగడ కట్టింది. నిజానికి పట్టిక మీద కోపం అతనికి పట్టిక మీద మాత్రమే కాదు.

సైదా మిర్చి కోల్డ్ స్టోరేజీలో గుమాస్తా. లోపలి నుంచి మిర్చి బస్తాల టిక్కీలు బయటికి రావడం ఆలస్యమైతే రైతులు యజమానిని తిట్టాల్సిన తిట్లన్నీ సైదాకే తిట్టి పోతారు. యజమాని అద్దాల గదిలో చల్లగా ఉంటాడు. ఇది తన ఓర్పు అనుకుంటూ వచ్చాడు సైదా. ఓర్పు కాదేమో, ఎవరికో అడ్డంగా నిలబడితే తప్ప తానొకడున్నట్టు ఎవరికీ తెలియదన్న భయమేమో అని ఈ మధ్యే అనుమానం పట్టుకుంది.

ఇంటర్నెట్ ఆటలోనూ అదే ఉద్యోగం. చీమకుర్తి గ్రానైట్ ఆఫీసులో కూర్చుని కోటేష్ నిప్పులు విసురుతాడు. చీరాలలో తన ఇంట్లోంచి మాధురి మంత్రదండంతో గాయాలు మాన్పుతుంది. గుంటూరు నుంచి సైదా డాలు పట్టుకుని ఇద్దరికీ ముందు నిలబడతాడు. రాక్షసిని రెచ్చగొట్టి, దాని కోపమంతా తన మీదికి మళ్లించుకుని, పక్కకు పోనివ్వకుండా చూడాలి. పోరు అయ్యాక వచ్చే పట్టికలో కోటేష్ పేరు పైన మెరుస్తుంది. సైదా పేరు వెతుక్కోవాలి.

మిర్చి కోతల కాలం నుంచి ఆ ముగ్గురికీ లొంగని డ్రాగన్ ఒకటుంది. రేపటి నుంచి మాధురికి హైదరాబాదులో బ్యాంకు శిక్షణ. హాస్టల్లో కంప్యూటరూ ఉండదు, ఆటా ఉండదు. "పోయేలోపు దాన్నొక్కసారి పడగొట్టాలి సైదన్నా" అని ఆ అమ్మాయి అడిగింది, సైదా మాటిచ్చాడు. ఉన్న అవకాశం ఈ ఒక్క పొద్దే.

సరిగ్గా పోయిన వారమే కంపెనీ ఆయుధాల బలాబలాలు మార్చింది. రెండు చేతుల గొడ్డలితో కొట్టినప్పుడల్లా పోయిన ప్రాణం కొంచెం తిరిగి వస్తుందని ప్రకటించింది. అంటే కొట్టనూ వచ్చు, నిలబడనూ వచ్చు. కొంచెం అంటే ఎంతో సైదా చదవలేదు. ఇద్దరికీ చెప్పకుండా డాలును సంచిలో పెట్టి గొడ్డలి పట్టాడు. వాళ్లకు కనబడే భయం లేదు. వాళ్ల పాత కంప్యూటర్లలో ఆట కదలాలంటే బొమ్మలు మసకగా పెట్టుకోవాలి, ఆ మసకలో డాలైనా గొడ్డలైనా చేతిలో ఏదో నల్లటి మరకే.

ఇమాం హుస్సేన్ ఇంటర్నెట్ సెంటర్లో మూల కుర్చీ సైదాది. ఇమాం హుస్సేన్‌కు తన సెంటర్ అంటే ప్రాణం. ఉదయం తెరవగానే ఒక్కో తెరనూ పసిపిల్ల మొహం తుడిచినట్టు తుడుస్తాడు. సైదా హెడ్‌ఫోన్ తగిలించుకున్నాడు. పోరు మొదలైంది.

మొదటి దెబ్బకే సైదా ఒళ్లు పులకరించింది. తెర మీద ఇంతంత అంకెలు ఎగిరిపడుతున్నాయి. మూడో దెబ్బకి డ్రాగన్ అతని వైపు తిరిగి ఒక్కసారి పంజా విసిరింది, సగం ప్రాణం పోయింది. గొడ్డలి తిరిగి తెచ్చిన ప్రాణం, కుండ పగిలాక దోసిట్లో పట్టిన నీళ్లంత.

"సైదన్నా, ఏంటిది?" మాధురి గొంతు కంగారుగా వినిపించింది. "ఎంత మాన్పినా నిలవట్లేదు. డాలు ఎత్తట్లేదా నువ్వు?"

పోరు మధ్యలో ఆయుధం మార్చడం కుదరదు. నిజం చెప్పడం కుదురుతుంది. సైదా ఆ రెండో సంగతి ఆలోచించేలోపే నోరు తన పని చేసింది. "ఎత్తుతున్నానమ్మా. ఇక్కడ నెట్ స్లోగా ఉంది. నొక్కింది పోవట్లేదు."

చిన్న అబద్ధమే. కాకపోతే కోటేష్ స్నేహితుడికి కష్టమొస్తే ఊరుకునే మనిషి కాదు. ఒక చేత్తో నిప్పులు విసురుతూనే రెండో చేత్తో సెంటర్‌కి ఫోన్ చేసి, ముసలి ఎద్దుల బండి కూడా నీ నెట్ కంటే ముందు పోతుందని ఇమాం హుస్సేన్‌ను దులిపేశాడు. ఇమాం హుస్సేన్ మొహం మాడిపోయింది. నేరుగా వచ్చి సైదా భుజం మీద చెయ్యేశాడు.

"స్లోగా ఉందా సైదా? నా దగ్గరా?"

హెడ్‌ఫోన్‌ అవతల మాధురి వింటోంది. సైదా తల ఊపాడు.

ఆ తల ఊపడాన్ని సెంటరంతా చూసింది. అప్పటిదాకా హాయిగా ఉన్నవాళ్లందరికీ తమదీ స్లోగానే ఉందని అప్పుడే తెలిసింది. పరీక్షా ఫలితాలు చూసుకునే ఇంటర్ పిల్లలు గోల మొదలుపెట్టారు. మిర్చి ధరలు చూస్తున్న ఒక కమీషన్ వ్యాపారి, ఇందుకే పొద్దున రేటు తప్పు చెప్పానని తేల్చేశాడు. ఇమాం హుస్సేన్ ఒక్కో వైరూ ఊపి చూశాడు. ఏదీ వదులుగా లేదు. తప్పు కనబడకపోయేసరికి ఆయనకు మరింత భయం వేసింది.

ఈలోగా డ్రాగన్ ప్రాణం గోరంత మిగిలింది. మాధురి మంత్రశక్తి కూడా అంతే. కోటేష్ కాలి బూడిదయ్యాడు. ఇంకొక్క దెబ్బ, అనుకుని సైదా గొడ్డలి ఎత్తిన క్షణంలో, ఇమాం హుస్సేన్ అల్లా పేరు తలుచుకుని మోడెం కట్టేశాడు.

తెర నిలిచిపోయింది. నెట్ పోతే ఆట ఎలా ఉంటుందో సైదా ఆ పొద్దున మొదటిసారి చూశాడు.

మళ్లీ అన్నీ లేచేసరికి చాలాసేపు పట్టింది. ఆ కాసేపూ అతని కళ్ల ముందు ఒకే బొమ్మ. ముందు ఎవరూ లేక, కర్రపుల్లలాంటి దండంతో ఒంటరిగా నిలబడ్డ పిల్ల. మాటిచ్చింది తను. పట్టికలో ఒక వరస కోసం దాన్ని అమ్ముకున్నది కూడా తనే.

తిరిగి లోపలికి వెళ్లేసరికి డ్రాగన్ వెల్లకిలా పడి ఉంది.

"చచ్చిందన్నా!" మాధురి అరిచింది. "నువ్వు పోగానే నా మీదికొచ్చింది. నన్ను నేను మాన్పుకుంటూ, దండంతోనే పొడిచా. రోజూ ఎలా నిలబడతావన్నా దాని ముందు?"

పట్టిక తెరుచుకుంది. అన్నిటికంటే పైన సైదా పేరు. ఇన్నాళ్లూ కలలో చూసిన పేరే, ఇప్పుడు ఎవరిదో జారిపడిన చెప్పులా కనిపించింది.

"చూశావట్రా?" కోటేష్ అందుకున్నాడు. "డాలుతోనే ఇంత కొట్టావు. కంపెనీవాడు డాలు బలాన్ని ఎక్కడికో లేపేశాడు. నా నిప్పుల దండం ఇప్పుడే అమ్మేశా. డాలు కొన్నా."

"ఒరేయ్ కోటేషూ, ఆగరా, అది..."

"అమ్మ పిలుస్తోంది, పెట్టె సర్దుకోవాలి" అంది మాధురి, అతని మాట మీదుగా. "నెట్ చచ్చిపోతున్నా నా ముందు నుంచి కదల్లేదు సైదన్నా నువ్వు. అది మాత్రం మర్చిపోను."

ఆమె పేరు బూడిదరంగులోకి మారింది. డాలు అలవాటు చేసుకోవాలని కోటేష్ కూడా పోయాడు. దెబ్బలు కాచిన ఇన్ని నెలల్లో ఎవరూ అనని మాట, కాయని ఒక్క రోజున వచ్చి కూర్చుంది. 'నేను డాలు తేలేదమ్మా' అని సైదా టైపు చేశాడు. లేని మనిషికి ఉత్తరం చేరదని ఆట చెప్పింది.

సెంటర్ ఖాళీ అయింది. ఇంటర్ పిల్లలు ఎదురు సెంటర్‌కి పోయారు, వ్యాపారి వాళ్ల వెనకే పోయాడు. బల్ల కింద ఇమాం హుస్సేన్ మోకాళ్ల మీద కూర్చుని, గడ్డం నిండా దుమ్ముతో, బాగున్న వైర్లను ఒక్కొక్కటిగా పీకి చూస్తున్నాడు.

సైదా హెడ్‌ఫోన్ తీసి, కుర్చీ వెనక్కి జరిపి, ఆయన పక్కనే నేల మీద కూర్చున్నాడు.

"భాయ్, మీ నెట్ బాగానే ఉంది. అబద్ధం చెప్పింది నేనే."

సెంటర్ పెట్టిన నాటి నుంచి నెట్ బాగుందన్న మాట ఏ నోటా వినని ఇమాం హుస్సేన్, అది నమ్మలేక ఇంకో వైరు పీకాడు.