సరకు విమాన దుర్గముపై కాగితమక్క దండయాత్ర

సహస్రకిరణుడు నడినెత్తికి వచ్చుటకు ఇంకను గంటకు పైగా సమయముండగా, ప్రయాణికుల విమానములు వరుసదీరి నిలుచు అద్దాల మేడలకు చాల ఆవల, స్వాగతపు బోర్డుగాని జానెడు నీడగాని లేని నలుబదిమూడవ నంబరు సిమెంటు మైదానమున, డెబ్బదియెనిమిది టన్నుల వాషింగ్ మెషీన్లను, చెప్పుల పెట్టెలను, ఎవరో ఎవరికో పంపిన ఒక పియానోను కడుపున మోసికొని నాలుగు దేశముల గాలిని చీల్చుకొని వచ్చిన యొక బూడిదరంగు సరకు విమానము, మోకాళ్లనొప్పుల ముసలి యేనుగు వలె నిట్టూర్చి నిలిచెను. ఆ గజరాజము శిరస్సున, ఎడమ యాసనమున కూర్చున్నవాడే మన కథానాయకుడు, కెప్టెన్.

ఆతని పరాక్రమము సామాన్యమైనది కాదు. పదునొకండు దినములలో తొమ్మిది మంచములపై శయనించినవాడు. ఆ తొమ్మిదింటిలో ఆరింటిపై పట్టపగలు, హోటలు కిటికీ తెరల నడుమ సందును బట్టల క్లిప్పుతో బంధించి, నడవలో గర్జించు వాక్యూమ్ క్లీనరును దిండుతో నెదిరించి శయనించినవాడు. తాను నడుపవలసిన విమానమును చేరుటకై పరుల విమానములలో చివరి వరుస నడిమి సీటున, మరుగుదొడ్డి తలుపు ప్రక్కన, ఇరువురి మోచేతుల మధ్య ముమ్మారు నలిగినవాడు. చల్లని భోజనమును వేడిదని తలచుకొని భుజింపగల స్థితప్రజ్ఞుడు. అట్టివాడు ఆ పూట పార్కింగ్ బ్రేకు లాగి, గడియారము చూచి, యుద్ధమునకు సిద్ధపడెను.

ఏ యుద్ధమునకు? అది తెలియవలెనన్న ముందుగా ఒక నియమము తెలియవలెను. చివరి ప్రయాణము ముగిసి బ్రేకు పడిన క్షణము నుండి ముప్పది నిమిషములు పైలటు ఇంకను కంపెనీ సొత్తు. ఆ అరగంటలో మరియొక ప్రయాణపు కాగితము ఆతని చేతిలో పడినను, ఆతడు ఫోనెత్తి "హలో" యన్నను, రోస్టరను డ్యూటీల పట్టికలో వ్రాసియున్న సెలవులు ఆవిరియై పోవును; ఆతడు మరల ఎగురవలెను. చేతికందని కాగితము లేనట్టే లెక్క. నోటిమాట చెల్లదు. అటులని అరగంట నిండక మునుపే పారిపోవుటయు చెల్లదు. ముప్పదియొకటవ నిమిషమున మాత్రము ఆతడు స్వతంత్రుడు. నాలుగు దినములు ఎవ్వరును ఆతని నేమియు చేయజాలరు.

ఈ నియమమను విల్లును ఇరువదియారేండ్లుగా ధరించిన వీరనారి రోస్టరు కార్యాలయమున నొకతె కలదు. పైలట్లందరును ఆమెను కాగితమక్క యని పిలుతురు. ఆమె పైలట్లను బస్సు మెట్లపై పట్టెను, క్యాంటీను వరుసలో పట్టెను, ఒక మహావీరునైతే స్నానాలగది ముందు స్టూలు వేసికొని కూర్చుండి పట్టెను. కాని ఒక్క నిమిషమైనను మోసము చేసి యెరుగదు. కంపెనీవారు విమానములను కొనుచుందురే గాని వాటిని నడుపువారిని చేర్చుకొనరు. కావున ఉన్నవారే మరల మరల ఎగురవలెను. కావున ఆమె మరల మరల వేటాడవలెను. కారణమొకచోట, తిట్లు మరియొకచోట.

ఇక కెప్టెన్ పక్షమున నిలిచిన కారణమును వినుడు. ఆతని భార్యకు ఆ మధ్యాహ్నము రెండు గంటలకు విశ్వవిద్యాలయ గ్రంథాలయమున ఉద్యోగపు ఇంటర్వ్యూ. ఇట్టివి రెండు మునుపే చేజారినవి. రెండు పర్యాయములును ఆతడు వత్తునని మాట యిచ్చెను, రెండు పర్యాయములును కాగితము వచ్చెను. ఈసారి పద్దెనిమిది నెలల పాపకు చికెన్ పాక్స్ సోకుటచే క్రెష్‌వారు రావలదనిరి, పొరుగువారు తలుపు సందునుండియే పరామర్శించిరి. తండ్రి వచ్చి బిడ్డ నెత్తుకొన్ననే తల్లి గడప దాటగలదు. ఆమె ఒంటిగంటకు బయలుదేరవలెను. ఇల్లు గంటంబావు దూరము.

"పది యాభైరెండు, అల్లుడూ. రాసుకో," అనెను కుడివైపు ఆసనము నుండి సహపైలటు. ఆయన రిటైర్మెంటుకు రెండేండ్ల దూరమున నున్నవాడు. కంపెనీలో చిన్నాపెద్దా అందరికిని మావయ్య.

"రాశా మావయ్యా. పదకొండు ఇరవైరెండుకి విముక్తి."

"ముందు కిందకి చూడు. ఎర్ర గొడుగు."

"అక్కేనా?"

"అక్క కాక మరెవరు? చేతిలో కాగితం కూడా కనిపిస్తోంది."

"నీకేమో!"

"నేను ఎగరగలిగే గంటలు ఈ నెలకి అయిపోయాయిగా. నన్ను ముట్టుకోకూడదు. అందుకే ఇంత ధైర్యంగా తొంగి చూస్తున్నా."

నిజమే. సిమెంటు మైదానమున, విమానపు ముక్కు క్రింద, ఎర్ర గొడుగు నొకచేతను, తెల్ల కాగితము నొకచేతను పట్టి, కాగితమక్క నిలిచియుండెను. కాని ఆమెకును వీరునికిని నడుమ మూడు నిలువుల శూన్యము. ఏలయన, మెట్లబండి రాలేదు. ఆ బండి ప్రయాణికుల విమానములన్నిటిని కొలిచి, మిగిలిన పొద్దున సరకు విమానముల వంక చూచుట ఆచారము. కంపెనీ ఆ బండిని కొన్న నాటినుండి, పదునొకండేండ్లుగా, పైలట్లు దానిని తిట్టని దినము లేదు. పైన చిక్కుకొని, ఆకలితో, ఎండకు కాగు రేకుల నడుమ వేచియున్న ప్రతి నిమిషమును వారు శాపముగా లెక్కించిరి. నేడో, ఆ ఆలస్యమే అగడ్తయై, ఆ నిర్లక్ష్యమే కోటగోడయై నిలిచెను.

మొదటి యస్త్రముగా ఫోను మ్రోగెను. కెప్టెన్ తొడపై నున్న ఆ యంత్రము పదునాలుగు మారులు కంపించి, అలసి, ఊరకుండెను. మరుక్షణమే సందేశమొకటి వెలిగెను. అది భార్యది: "దిగారా? వస్తారా, రారా? ఒక్క మాట చెప్పండి చాలు. రాకపోతే ఫోన్ చేసి వాళ్లకి రానని చెప్పేస్తాను."

రెండుమార్లు "వస్తా" నని వ్రాసి రానివాడు మూడవమారు ఆ రెండక్షరములు వ్రాయబోగా వ్రేలు కదలలేదు. అబద్ధమాడలేడు, నిజమింకను పుట్టలేదు. అప్పుడు సమయము పది యాభైతొమ్మిది.

ఇంతలో చెవిలో హెడ్‌సెట్ గరగరలాడెను. "సార్," అనెను క్రింది మెకానిక్, "అక్క నా హెడ్‌సెట్ లాక్కుంటున్నారు సార్, నేనేం చెయ్య..." అచట ఆతని కంఠము తెగి, మరియొక కంఠము వినవచ్చెను.

"ఏమయ్యా, ఫోనెందుకు ఎత్తవు?"

"ఎత్తితే నువ్వు చెప్పింది చెయ్యాలి కదక్కా."

"ఒక్క ట్రిప్పు. రేపు సాయంత్రానికల్లా ఇంట్లో ఉంటావు. మంచివాడివి కదూ."

"పోయినసారీ ఒక్క ట్రిప్పే అన్నావు. ఆరు రోజులకి ఇల్లు చేరా. మా పాప నన్ను చూసి ఏడ్చింది, వెనకే వచ్చిన కొరియర్ అతన్ని చూసి చేతులు చాపింది."

"నేనేం చెయ్యను చెప్పు? పదిమంది చెయ్యాల్సిన పనికి ఆరుగురున్నారు. మనుషుల్ని నేను అచ్చు వేయించలేను కదా!"

ఆ మాటకు కెప్టెన్ హృదయమున జాలి మొలకెత్తెను. యుద్ధభూమిలో జాలి ప్రమాదకరమని గ్రహించి, ఆతడు దానిని దాచుటకై కాలేజీ నాటకములనాటి గొంతు నెత్తుకొనెను:

"ఓ జాబితాధారిణీ! షడ్వింశతి వత్సరములుగా వైమానిక వీరుల విశ్రాంతిని వేటాడు పత్రహస్తా! వినుము! నిద్రలేమిచే ఎర్రబారిన ఈ నేత్రముల సాక్షిగా, చల్లారిన భోజనములచే గట్టిపడిన ఈ ఉదరము సాక్షిగా చెప్పుచున్నాను. మెట్లు లేని దుర్గమున నేనున్నాను. రెక్కలు లేని నేలపై నీవున్నావు. మన నడుమ కాలమొక్కటే పారుచున్నది. అది నా పక్షమున పారుచున్నది!"

"అయిందా?" అనెను హెడ్‌సెట్. "మెట్లు రానీ, నీ సంగతి చెప్తా."

"అల్లుడూ, డైలాగు బాగుంది కానీ," అనెను మావయ్య, కిటికీ నుండి చూపు మరల్చక, "అక్క గొడుగు మూసింది. నడుస్తోంది. అదిగో, ప్రయాణికుల విమానం దగ్గర్నుంచి మెట్లబండిని ఆపేసింది. డ్రైవరుని తిడుతోందిరోయ్. ఎక్కేసింది! ఫుట్‌బోర్డు మీద నుంచుని వస్తోంది!"

పదునొకండేండ్లలో ఏ పైలటు ప్రార్థనకును కదలని ఆ బండి, ఆ వీరనారి యొక్క ఒక్క గద్దింపునకు సరకు మైదానమువైపు పరుగులెత్తెను. పదకొండు పదికి అది విమానమునకు ఆనెను. మావయ్య ధర్మము తప్పలేక తలుపు తెరచెను. ఇరువదినాలుగు మెట్లు, మెట్టుమెట్టుకును ఒక నిట్టూర్పుతో ఎక్కి, కాగితమక్క పదకొండు పదునాలుగునకు కాక్‌పిట్ ద్వారమున ప్రత్యక్షమయ్యెను. ఎనిమిది నిమిషములు మిగిలియున్నవి. కాగితము ఆమె చేతినుండి ఆతని చేతికి రెండడుగుల దూరము.

అప్పుడు కెప్టెన్ టెక్నికల్ లాగ్ పుస్తకమును ఒడిలోనికి తీసికొని, ఎడమచేత దానిని పట్టి, కుడిచేత కలము తెరచెను.

ఆ పుస్తకము సామాన్యమైనది కాదు. విమానమున ఏది చెడినదో కెప్టెన్ అందులో వ్రాయును. అది చదివి మెకానిక్‌లు బాగుచేయుదురు. ఆ పుటపై కలము కదలునంతసేపు లోపముల మాట తప్ప వేరొక మాటతో ఆతనిని పలుకరింపరాదు, చేతికేదియు ఇయ్యరాదు. అచట ఒక్క తప్పు మాట పడినచో రేపు ఎవరి ప్రాణములకో ముప్పు. కాగితమక్క తన ఇరువదియారేండ్ల సేవలో ఈ మర్యాదను తప్పలేదు. తప్పవలసిన యవసరమును రాలేదు; ఏలయన, ఏ కెప్టెనైనను అందులో "లోపములు లేవు" అని వ్రాసి, సంతకము గీకి, పావు నిమిషములో మూసివేయును. లోపము వ్రాసినచో మెకానిక్ వచ్చువరకు కూర్చుండవలెను, ఆతని ప్రశ్నలకు బదులు చెప్పవలెను, ఇంటికి బస్సు తప్పిపోవును. కావున అలసినవారు వ్రాయరు, వ్రాయనివి బాగుపడవు, బాగుపడనివి మరింత అలసట పుట్టించును.

ఆ దినమున కెప్టెన్ వ్రాసెను. ముత్యములవంటి అక్షరములతో వ్రాసెను. ఓవెను ఎడమ అర వేడెక్కదని, కుడి అర చల్లారదని వ్రాసెను. వెనుక విశ్రాంతి పడకలో స్ప్రింగు ఒకటి కుడి ప్రక్క పండుకొన్నవారి మూడవ పక్కటెముకకు సరిగా తగులునని కొలతలతో సహా వ్రాసెను.

"ఎండ తెర," అని గొణిగెను మావయ్య.

"రాస్తున్నా."

"మరుగుదొడ్డి గొళ్లెం. నిన్న నేను పాట పాడుతూ కూర్చోవాల్సి వచ్చింది."

కెప్టెన్ గొళ్లెమును వ్రాసెను, దాని మూల కారణమును వ్రాసెను.

కాగితమక్క మర్యాద తప్పకుండ మావయ్య వంక తిరిగెను. "ఏమండీ, మీ అల్లుడు నవల రాస్తున్నాడా?"

"ఇది మొదటి భాగమే అక్కయ్యా. కూర్చోండి, కాఫీ ఇచ్చేవాణ్ణేగానీ, ఆ మెషీను కూడా అయిదో నంబరులో ఉంది."

పదకొండు ఇరువది. ఏడవ లోపమువద్ద కలము ఒక్క క్షణము తడబడెను. అది ఆతని సీటు. లాక్ సరిగా పడదు. విమానము లేచునప్పుడు ఒక మెట్టు వెనుకకు జారును. మూడు నెలలుగా దానిని నడుపు ప్రతి కెప్టెనును మడచిన తువాలు నొకటి పట్టాలలో దోపి, లేచి, దిగి, "లోపములు లేవు" అని వ్రాయుచుండెను. తానును వ్రాసెను, నాలుగు పర్యాయములు. హాస్యమునకై ఎత్తిన కలము అచట కొంచెము బరువెక్కెను. ఆతడు సిగ్గుపడి, ఆ లోపమును మిగిలినవాటికంటె స్పష్టముగా వ్రాసి, తేదీ వేసి, సంతకము చేసి, పుస్తకము మూసి, వట్టి చేతులు రెండును చాచెను.

కాగితమక్క తన గడియారము చూచెను. పదకొండు ఇరువదిరెండు దాటి నలుబది సెకండ్లు.

ఆ నలుబది సెకండ్లను దాచుట ఆమెకు కష్టము కాదు. కాని ఆమె చేతిని దించెను. "దాటిపోయింది," అని, ఓడిన సేనాపతి ఖడ్గమును ఒరలో నుంచినట్లు కాగితమును మడచి, అలవాటుచొప్పున మెకానిక్‌లకు అందించుటకై పుస్తకమును తీసికొని తెరచి చదివెను. ఏడవ పంక్తివద్ద ఆగెను.

"ఈ సీటు లాక్ పడదా?"

"పడదక్కా."

"అంటే బాగుచేసేదాకా ఈ విమానం కదలదు."

"కదలదు."

ఆమె ఫక్కున నవ్వెను. ఇరువదినాలుగు మెట్ల ఆయాసముతో నవ్వి, తలుపు పట్టుకొని నవ్వెను. "ఈ విమానాన్నే సాయంత్రం తీసుకుపొమ్మని కదయ్యా ఈ కాగితం! ఆ ఒక్క సీటు సంగతి మొదటే రాసుంటే నా మోకాళ్లు బతికేవి కదా."

"మొదటే అంటే మూడు నెలల కిందటే రాయాల్సిందక్కా."

ఆమె నవ్వు మెల్లగా తగ్గెను. ఆమె మరల ఆ పంక్తిని చదివెను. "రాయకపోతే మాకెట్లా తెలుస్తుందయ్యా," అనెను చిన్నగొంతుతో. పిమ్మట సర్దుకొని, "సరే, పో. ఈ నాలుగు రోజులూ నా కంటపడకు," అని ద్వారమునుండి ప్రక్కకు తొలగెను.

మెకానిక్ ప్రశ్నలకు బదులు చెప్పుటకై మావయ్య కూర్చుండిపోగా, కెప్టెన్ మెట్లు దిగుచునే రెండక్షరములు వ్రాసి, "వస్తా" యని పంపెను.

ఒంటిగంటకు ఇంకను ఏడు నిమిషములుండగా ఆతడు గుమ్మము త్రొక్కెను. భార్య చెప్పులు తొడిగియే నిలిచియుండెను. చంకలో పాప, ఒడలెల్ల గులాబిరంగు లోషను చుక్కలతో, చిన్న చిరుతపులి వలె నుండెను.

"నిజంగా మీరేనా?"

"నేనే. ఇటివ్వు."

"రెండింటికి లోషను. గోకనివ్వకండి. అన్నం మెత్తగా కలపండి. నిద్రపోతే మీరూ పడుకోండి, కానీ ఒక చెవి ఇటు పెట్టి." ఆమె ఫైలు చంకలో నుంచుకొని రెండడుగులు వేసి, ఆగి, వెనుదిరిగి ఆతని ముఖము చూచెను. "మీ కళ్లేంటి అలా ఉన్నాయి?"

"ఉండనీ. నువ్వు వెళ్లు."

ఆమె వెళ్లెను. ఒంటిగంటకు అయిదు నిమిషముల ముందుగా వెళ్లెను!

జనులారా, ఆలకింపుడు! డెబ్బదియెనిమిది టన్నుల సరకు మోసిన భుజముపై పదకొండు కిలోల బిడ్డను మోయుచు, ఏ రాజ్యమును గెలువక, ఏ శత్రువును చంపక, కాలమును, కాగితమును, కలమును సాక్షులుగా నిలిపి, ఆ మహావీరుడు కంపెనీవారు నెలనాడే అచ్చువేసి తన పేరిట ఇచ్చియున్న నాలుగు సెలవు దినములలో మొదటిదానిలో మిగిలిన సగమును, అక్షరాల సగమును, జయించెను!