సంపూర్ణంగా కోలుకున్నవారికి అరగంట

మనిషికి జబ్బు ఉంటుంది, లేకపోతే ఉండదు. ఈ రెండింటికీ మధ్య మూడో స్థితి అంటూ సృష్టిలో ఎక్కడా లేదని ఆ కళాశాల పెద్దలు పదకొండు మందితో సంఘం వేసి, ఏడుసార్లు కూర్చుని, ఏడోసారి భోజనాల గంటకి అయిదు నిమిషాల ముందు ఏకగ్రీవంగా తేల్చారు. తేలినదాన్ని వెంటనే ఫారంగా అచ్చు వేయించారు. ఫారంలో రెండే గడులు. ఒకటి: జబ్బు ఉన్నది. రెండు: జబ్బు సంపూర్ణంగా పోయినది.

పేజీ అడుగున అరంగుళం ఖాళీ మిగిలిపోవడంతో, చూడ్డానికి బోసిగా ఉందని ప్రెస్సువాడు 'ఇతర ఇబ్బందులు ఏమైనా ఉంటే' అని రాసి ఒక గీత గీశాడు. (ఆ సంఘం సాధించినవాటిలో మనుషులకి పనికొచ్చేది ఆ గీత ఒక్కటే. అది సంఘానికి తెలియదు.)

ఈ ఏర్పాటంతా క్యాన్సర్‌తో ఆసుపత్రి పాలై, బయటపడి, మళ్లీ పుస్తకాల సంచీ భుజాన వేసుకుని వచ్చే పిల్లల కోసం. వాళ్లని చెయ్యిపట్టి నడిపించడానికి 'కోలుకున్న విద్యార్థుల చేయూత విభాగం' అని పెట్టారు. విభాగం మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు రెండో అంతస్తు దాకా వస్తుంది.

దర్జీ పని చేసుకునే ఒకావిడ ఆ ఫారం ముందు కూర్చున్న రోజు ఆమె మనసు పండగలా ఉంది. పద్దెనిమిదో ఏట కూతురికి రక్తంలో క్యాన్సర్ అన్నారు. ఏడాదిన్నర ఆసుపత్రి బల్లల మీద గడిచింది. చివరికి డాక్టరు కాగితాలు తిరగేసి, "లేదమ్మా, ఇంక లేదు" అన్నాడు. ఆవిడ దేవుణ్ణి ఏడాదిన్నరగా అడిగిన మాట అదొక్కటే. ఆ తరువాత డాక్టరు ఇంకో మాట కూడా అన్నాడు. మందుల ప్రభావం వల్ల పిల్ల వేళ్ల కొసలు ఇంకో రెండేళ్లు మొద్దుబారి ఉండొచ్చనీ, ఎక్కువ రాయాల్సివస్తే చెయ్యి సాగదనీ. ఆ మాట ఆవిడ చెవిన పడింది గానీ, మొదటి మాట అప్పటికే లోపల జాగా అంతా ఆక్రమించుకుని ఉంది.

వేళ్ల సంగతి ఆవిడకి తెలియక కాదు. ఇంట్లో పిచ్చుక అని పిలుచుకునే ఆ పిల్ల చొక్కా గుండీ పెట్టుకోలేక అద్దం ముందు పావుగంట నిలబడటం చూసి, చప్పుడు చెయ్యకుండా ఉన్న చొక్కాలన్నిటికీ గుండీలు కోసేసి జిప్పులు వేసింది. జిప్పు కొసకి పట్టు దొరికేలా పెద్ద రింగు కూడా తగిలించింది. కానీ అది ఇంటి వ్యవహారం. కాగితం వేరు.

"అమ్మా, కింద గీతలో వేళ్ల గురించి రాయనా?" అంది పిచ్చుక.

"ఏం రాస్తావే? అంత పెద్ద గండం గట్టెక్కించినవాడి ముందు వేళ్లు బాలేవని పేచీ పెడతావా? కృతజ్ఞత ఉండొద్దూ! ఇటివ్వు."

రెండో గడిలో టిక్కు పెట్టి, కింద గీత మీద తన గుండ్రటి దస్తూరీతో రాసింది: దేవుడి దయవల్ల ఏ ఇబ్బందీ లేదు.

చేయూత విభాగం మొదటి నెలలోనే చేయూత మొదలుపెట్టింది. పిచ్చుకని వేదిక ఎక్కించి, ధీరవనిత అని పత్రం ఇచ్చి, 'నేను ఎలా గెలిచాను' అనే విషయం మీద పది నిమిషాలు మాట్లాడమన్నారు. పిల్ల రెండు నిమిషాలు మాట్లాడింది. మందులు వేసుకున్నాననీ, వాంతులు అయ్యాయనీ, అమ్మ పక్కన ఉందనీ చెప్పింది. (స్ఫూర్తి తగ్గిందని నిర్వాహకులు కొంచెం నొచ్చుకున్నారు.) ఆవేళ నవ్వుతుండగా తీసిన ఫొటోని నిలువెత్తు పోస్టరు చేసి విభాగం గోడకి అతికించారు. కింద 'అసాధ్యం లేదు' అని రాశారు.

అసాధ్యం రెండో నెలలో ఎదురైంది. చరిత్ర పరీక్ష. మూడు గంటల్లో పది జవాబులు. ఏడో జవాబుకి పిచ్చుక చేతిలో పెన్ను ఉందో లేదో చూసుకుంటే తప్ప తెలియలేదు. మిగతా మూడూ తెలిసినవే, రాయలేదు. అది ఉత్తి పరీక్ష కాబట్టి సరిపోయింది. అసలు పరీక్షకి ఇంకో పది రోజులుంది. మధ్యలో చదువు ఆపి తిరిగి చేరినవాళ్లు అసలు పరీక్షల్లో ఒక్క పేపరు తప్పినా సీటు రద్దు. (వాళ్ల మీద ఒత్తిడి పడకుండా ఉండటానికి పెట్టిన నియమం అది.)

పిచ్చుక ఇంటికొచ్చి సంచీ కింద పెట్టి, "అరగంట ఎక్కువిస్తే రాసేస్తానమ్మా. అంతే, అరగంట" అంది.

మర్నాడు తల్లీకూతుళ్లు రెండంతస్తులు లిఫ్టులో, ఒక అంతస్తు ఆగి ఆగి మెట్ల మీదా ఎక్కి విభాగానికి వెళ్లారు. సమన్వయకర్త మంచివాడు. లేచి కుర్చీలు వేశాడు, మంచినీళ్లిచ్చాడు, ఫ్యాను వేగం పెంచాడు. విషయం విని పోస్టరు వంక చూశాడు.

"ఇంత చక్కగా నవ్వుతున్న అమ్మాయికి తిమ్మిర్లేంటమ్మా?"

"నవ్వింది మొహం సార్, వేళ్లు కాదు" అంది పిచ్చుక.

ఆయన ఫైలు తీసి, ఫారం వెతికి పట్టుకుని, తల్లి ముందు పెట్టాడు. "ఇది మీ రాతేనా అమ్మా?"

"నాదే."

"'దేవుడి దయవల్ల ఏ ఇబ్బందీ లేదు' అని ఉంది. ఇప్పుడు ఇబ్బంది ఉందంటున్నారు. నన్ను ఎవరి మాట కాదనమంటారు?"

"దేవుడి మాట కాదనొద్దు బాబూ. నా మాట కాదనండి. సంతోషం పట్టలేక రాశాను."

"సంతోషంలో రాసినా సంతకమే కదమ్మా" అన్నాడాయన నిజంగా బాధపడుతూ. అంతలోనే మొహం వెలిగింది. "అయినా పద్నాలుగో నియమం ఉంది. పాత రాత అడ్డు రాదు. అదనపు సమయం కావలసిన విద్యార్థి, తన అవసరాన్ని వివరిస్తూ నాలుగు పేజీల దరఖాస్తు రాసి ఇవ్వొచ్చు. ఇక్కడే, నా ఎదురుగా, సొంత చేత్తో, అరగంటలో."

(ఇదివరకు ఇంటి దగ్గర రాసి తెమ్మనేవారు. అమ్మలు రాసిస్తున్నారని అనుమానం రావడంతో కట్టుదిట్టం చేశారు.)

పిచ్చుక బల్ల దగ్గరికి జరిగింది. ఆయన గడియారం పెట్టాడు. ఆవిడ ఎదురుగా కూర్చుని కూతురి చేతినే చూస్తూ ఉండిపోయింది. సూదిలో దారం ఎక్కించేటప్పుడు ఊపిరి బిగబట్టడం ఆవిడకి అలవాటు. అరగంట సేపు అలా బిగబట్టడం ఎలాగో మాత్రం ఎవరూ నేర్పలేదు. మొదటి పేజీ బాగా నడిచింది. రెండో పేజీలో అక్షరాలు పెద్దవయ్యాయి. మూడో పేజీలో పిల్ల రెండుసార్లు పెన్ను కింద పడేసి, ఎడమ చేత్తో తీసి, కుడి వేళ్ల మధ్య ఇరికించుకుంది. మూడో పేజీ సగంలో ఉండగా గడియారం మోగింది.

"అసంపూర్తి" అన్నాడాయన దిగులుగా. "పరిశీలనకి తీసుకోలేం."

"ఒకవేళ పూర్తి చేసుంటే?" అంది తల్లి.

"చేసుంటే ఇంకేం కావాలమ్మా! చెయ్యి బాగా సాగుతోందన్నమాటే. అదనపు సమయం అక్కర్లేదని ఆనందంగా రాసిచ్చేవాణ్ణి."

ఆవిడ పెద్దగా చదువుకున్నది కాదు, కొలతలు తెలిసిన మనిషి. ఎటు కత్తిరించినా గుడ్డ చాలడం లేదు.

"మరి ఇంతవరకూ ఎంతమందికి ఇచ్చారు బాబూ?"

"ఇంకా ఎవరూ అర్హత సాధించలేదమ్మా. మా ప్రమాణాలు అంత ఉన్నతంగా ఉంటాయి."

ఆయన లేచి, తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించాడు. మంచివాడని ముందే చెప్పుకున్నాం.

"ఒక దారుంది. నేను చెప్పానని ఎక్కడా అనకండి. ఏడాది మధ్యలో జబ్బు తిరగబెట్టిందనుకోండి, అది అత్యవసరం కింద వస్తుంది. దానికి సంఘం అక్కర్లేదు, నియమం అక్కర్లేదు. 'జబ్బు తిరగబెట్టినది' అని తల్లిగా ఒక్క వాక్యం రాసి సంతకం పెడితే చాలు. అరగంటేంటి, గంట ఇస్తాం. పరీక్షలయ్యాక మళ్లీ 'సంపూర్ణంగా పోయినది' అని మార్చేద్దాం. ఎవరికీ నష్టం లేదు."

తెల్ల కాగితం, పెన్ను ఆవిడ ముందు పెట్టాడు.

ఆవిడ పెన్ను పట్టుకుంది. తప్పు తనది. పిల్ల రాస్తానన్న గీతని లాక్కుని నింపింది తను. ఒక్క వాక్యంతో పోగొట్టినదాన్ని ఒక్క వాక్యంతో తిరిగి తేవచ్చంటున్నాడు. కానీ ఆ వాక్యం ఏమిటి? ఏ మాట వినకూడదని ఏడాదిన్నర దణ్ణాలు పెట్టిందో ఆ మాట. మూణ్ణెల్లకోసారి రక్తపరీక్షకి వెళ్లినప్పుడల్లా, గది తలుపు తెరుచుకునే లోపు కళ్లు మూసుకుని వద్దు వద్దు అనుకునే మాట. నువ్వు బాగుచేశావు, సరే, అని ఆవిడ మనసులో దేవుణ్ణి మెల్లగా అడిగింది. వేళ్ల దగ్గరికొచ్చేసరికి ఎందుకు ఆగావు? మర్చిపోయావా, లేక మిగిలినది ఈ విభాగంవాళ్లు చూసుకుంటారని నమ్మావా?

ఆవిడ పెన్ను కాగితానికి ఆనించి 'జ' అని రాసింది.

పిచ్చుక చెయ్యి వచ్చి ఆ చేతి మీద పడింది. పిల్ల వేళ్లు చల్లగా ఉన్నాయి. ఆ వేళ్లకి తన చెయ్యి తెలుస్తోందో లేదో అనుకుంది తల్లి.

"వద్దమ్మా. ఆ మాట నీ రాతలో నేను చూడలేను. నీ దస్తూరీ మరీ అందంగా ఉంటుంది."

"సీటు పోతుందే!"

"ఏడు జవాబులు రాస్తాను. మిగతా మూడూ పొడి పొడిగా రాస్తాను. పోతే పోనీ. రేపు నిజంగా ఎప్పుడైనా రాయాల్సి వస్తే..." పిల్ల అమ్మ చేతిలోంచి పెన్ను తీసి పక్కన పెట్టింది. "అప్పుడు రాద్దువుగాని. ఇప్పుడు ఉత్తిపుణ్యానికి ఎందుకు?"

సమన్వయకర్త కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. తరువాత ఒక్క అక్షరం ఉన్న ఆ కాగితాన్ని తీసుకుని, 'అభ్యర్థి సహాయం నిరాకరించినది' అని ముద్ర వేసి ఫైల్లో పెట్టాడు.

పరీక్ష రోజు ఆవిడ కుట్టుపని ఆపి కళాశాల గేటు దగ్గర నిలబడింది. మూడు గంటలయ్యాక పిల్లలు గుంపులుగా బయటికొచ్చారు. పిచ్చుక రాలేదు. అయిదు నిమిషాలు, పది నిమిషాలు. గేటు దగ్గర ఎవరూ మిగల్లేదు. పదిహేను నిమిషాలకి చెయ్యి దులుపుకుంటూ వచ్చింది.

"ఏమయిందే? కళ్లు తిరిగాయా?"

"లేదమ్మా. పేపర్లు తీసుకోవడం ఆలస్యమైంది."

ఆవేళ హాల్లో కాపలాకి వచ్చినాయన లైబ్రేరియన్. గంట కొట్టగానే లేచాడట. పిచ్చుక కూర్చున్న మూలకి కాకుండా, దానికి ఎదురు మూల నుంచి మొదలుపెట్టాడట. ఒక్కో పేపరు తీసుకుని, నంబరు సరిచూసి, పైకి చదివి, పక్కన పెట్టాడట. సగం దాకా వచ్చి, లెక్క తప్పిందని మొదటి నుంచి లెక్కపెట్టాడట. మళ్లీ తప్పిందట. ఇచ్చేసినవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. ఎవరూ గొణగలేదు. చివరికి పిచ్చుక బల్ల దగ్గరికి వచ్చి, కిటికీలోంచి బయటికి చూస్తూ, ఆమె పదో జవాబులో ఆఖరి చుక్క పెట్టేదాకా నిలబడి, "ఆఁ, ఇప్పుడు కుదిరింది లెక్క" అన్నాడట.

"నీ వేళ్ల సంగతి ఆయనకి చెప్పావా?"

"లేదమ్మా. చూశాడంతే."

"దేవుడే పంపాడు" అంది తల్లి, గేటు దగ్గరే చేతులు జోడించి.

"దేవుడు కాదమ్మా, పరీక్షల విభాగం పంపింది. డ్యూటీ చార్టులో ఉంది."

"చార్టు ఎవరు వేశారంటావ్?" అంది ఆవిడ. అడిగినందుకే కాస్త తేలికపడింది.

పిచ్చుక చరిత్రలో నాలుగు మార్కుల తేడాతో గట్టెక్కింది. సీటు నిలిచింది. ఆవిడ ఆ వారం దేవుడికి దణ్ణం పెట్టుకున్నప్పుడల్లా లైబ్రేరియన్ ఆరోగ్యం కూడా అడిగింది.

వేసవిలో కళాశాల వార్షిక నివేదిక వెలువడింది. నున్నటి కాగితం, రంగుల బొమ్మలు. తొమ్మిదో పేజీలో ఇలా ఉంది: 'చేయూత విభాగం తోడ్పాటుతో ఈ ఏడాది ఉత్తీర్ణులైన విద్యార్థులు: ఒకరు.' పద్నాలుగో పేజీలో ఇలా ఉంది: 'జవాబుపత్రాల సేకరణలో జాప్యానికి సంజాయిషీ కోరబడిన సిబ్బంది: ఒకరు.'

రెండు పేజీలకీ ఒకదానితో ఒకటి సంబంధం లేదు. విభాగాలు వేరు.